పాటల పత్రిక ఇలాగే ఎందుకుంటుంది?

ఒక పాటల పత్రికను, ఒక వ్యవసాయ పత్రికను పక్కపక్కన పెట్టి, చదవటం ఇంకా రాని మీ తమ్ముణ్ణో చెల్లెల్నో పిలిచి అడగండి: "వీటిలో పాటలది ఏది?" అని. చాలాసార్లు తడుముకోకుండా సరైనదాన్నే చూపిస్తారు. అట్ట నిండా ఒక పెద్ద ముఖం, ఆ ముఖంలోంచి మనకేసే చూసే రెండు కళ్లు, పైన లావాటి అక్షరాలతో పత్రిక పేరు, ఎడమపక్క నాలుగైదు ఊరించే మాటలు, మూలగా ఒక గుండ్రటి బొట్టులో "లోపల పోస్టరు!" అన్న కేక. లండన్‌లో అచ్చయినా, మద్రాసులో అచ్చయినా పాటల పత్రికలకు ఈ పోలిక ఉంటుంది.

ఎందుకుంటుంది? ఒకరిని చూసి ఒకరు కాపీ కొట్టటం వల్లనా? కొంతవరకు అంతే. కాని మొదట చేసినవాడికి ఏదో ఒక కారణం ఉండాలి కదా! ఆ కారణాలను వెతుక్కుంటూ పోతే ఒక చిత్రమైన సంగతి బయటపడుతుంది. పత్రికల అలవాట్లలో కొన్ని అంగడి వల్ల పుట్టాయి. కొన్ని కాగితం మడత వల్ల, అచ్చుయంత్రం వల్ల పుట్టాయి. కొన్ని మన కన్ను పనిచేసే తీరు వల్ల పుట్టాయి. ఏది దేనివల్ల పుట్టిందో తెలిస్తే, రేపు మీ బడిలో పాటల మీద ఒక గోడపత్రిక పెట్టేటప్పుడు దేన్ని ఉంచుకోవాలో, దేన్ని వదిలెయ్యాలో మీకే తెలుస్తుంది. తెలియకుండా అన్నిటినీ దించేస్తే ఏమవుతుంది? పత్రిక చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. చదివేవాళ్లే ఉండరు.

ఒక పిల్లల పాటల పత్రిక కథ

ముందుగా ఒక నిజమైన పత్రికను చూద్దాం. బ్రిటన్‌లో 1952లో 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్' అనే సంగీత వారపత్రిక మొదలయింది. 1970లలో దానికి సంపాదకుడుగా పనిచేసిన నిక్ లోగన్ అనే ఆయన 1978లో ఒక కొత్త పత్రిక పెట్టాడు. దాని పేరు 'స్మాష్ హిట్స్'. మొదట మాసపత్రిక. తర్వాత పదిహేను రోజులకొకసారి వచ్చింది.

అప్పటికే సంగీత పత్రికలున్నాయిగా, మళ్లీ ఇదెందుకు? ఆ పత్రికలు పెద్దవాళ్ల కోసం. వాటిలో పొడుగాటి వ్యాసాలు, వాదోపవాదాలు. పన్నెండు పదిహేనేళ్ల పిల్లలకు కావలసింది వేరు. రేడియోలో పాట వింటారు. రాగం పట్టుబడుతుంది, మాటలు పట్టుబడవు. వాయిద్యాల హోరులో గాయకుడు ఏమన్నాడో ఎవరికి తెలుసు? దుకాణంలో కొన్న గ్రామఫోను రికార్డు మీద కూడా చాలాసార్లు పాట పేరే ఉండేది కాని మాటలుండేవి కావు. అందుకని 'స్మాష్ హిట్స్' పాటల మాటలను, వాటి హక్కుదారుల అనుమతితో, పూర్తిగా అచ్చువేసింది. పక్కనే పాడినవాళ్ల రంగుల బొమ్మ. మధ్యలో గోడకు అంటించుకునే పోస్టరు. పిల్లలు ఎగబడి కొన్నారు.

మన దగ్గర సినిమా హాళ్ల ముందు అమ్మే పాటల పుస్తకాలు సరిగ్గా ఈ అవసరాన్నే తీర్చాయి. మీ తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. పలచటి కాగితం మీద కథాసంగ్రహం, పాటలు అచ్చువేసిన ఆ చిన్న పుస్తకాల గురించి చెబుతారు.

ఇంకో ముచ్చట. 1980లలో 'స్మాష్ హిట్స్'కు సహాయ సంపాదకుడుగా ఉన్న నీల్ టెనెంట్ తర్వాత ఆ ఉద్యోగం వదిలి తానే గాయకుడయ్యాడు. 'పెట్ షాప్ బాయ్స్' అనే జంటలో ఒకడుగా పేరు తెచ్చుకున్నాడు. అంటే నిన్న తను అచ్చువేయించిన పేజీల్లోకి నేడు తనే ఎక్కాడన్నమాట!

'స్మాష్ హిట్స్' 2006 ఫిబ్రవరిలో ఆగిపోయింది. అప్పటికి పాటల మాటలు, గాయకుల బొమ్మలు టీవీలోనూ కంప్యూటర్లోనూ ఊరికే దొరకసాగాయి. ఏ చిక్కును విప్పటానికి పత్రిక పుట్టిందో ఆ చిక్కే పోయింది. ఈ మాటను గుర్తుంచుకోండి. ఇక ముందు మనం చూడబోయే ప్రతి అలవాటుకూ ఇదే పరీక్ష పెడదాం: ఇది ఏ చిక్కుకు విరుగుడు? ఆ చిక్కు మనకు ఉందా?

అట్ట: అంగడి చేసిన బొమ్మ

పత్రిక పేరు పైనే ఎందుకు ఉంటుంది? దుకాణంలో పత్రికలను మెట్లుమెట్లుగా ఉన్న అరల్లో పేరుస్తారు. ముందున్న పత్రిక వెనకదాని కింది భాగాన్ని కప్పేస్తుంది. కనిపించేది పైభాగమే. అందుకని పేరు పైకి పోయింది.

మరి ఊరించే మాటలు ఎడమవైపే ఎందుకు? కొన్ని దుకాణాల్లో పత్రికలను పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి పక్కకు జరిపి పెడతారు. అప్పుడు ప్రతి పత్రికలోనూ ఎడమ అంచు మాత్రమే కనిపిస్తుంది. మిగిలింది పక్కదాని కింద దాక్కుంటుంది. అట్టను నిలువుగా మూడు భాగాలు చేస్తే, ఎడమవైపు మూడోవంతు అన్నిటికన్నా ఖరీదైన స్థలమని పత్రికలవాళ్లు అంటారు. పేరులోని మొదటి అక్షరం, ముఖ్యమైన వార్తలు అక్కడ పెడతారు. మనం ఎడమనుంచి కుడికి చదువుతాం కనక ఇది కంటికి కూడా హాయే. హైదరాబాదులో ఉర్దూ పత్రికను చేతిలోకి తీసుకుంటే ఈ లెక్క తిరగబడుతుంది. ఆ లిపి కుడినుంచి ఎడమకు పోతుంది. పుస్తకం కుట్టు కుడివైపున ఉంటుంది. చూపు కుడినుంచే మొదలవుతుంది. అంటే "ఎడమవైపు గొప్పది" అన్నది ప్రకృతి నియమం కాదు. లిపినీ అంగడినీ బట్టి వచ్చిన అలవాటు.

ముఖం సంగతి అలా కాదు. ముఖాలను గుర్తించటంలో మన మెదడుకు ప్రత్యేకమైన నేర్పు ఉంది. మబ్బుల్లో, గోడ మీది మరకల్లో, మోటారు కారు ముందు దీపాల్లో కూడా మనకు ముఖాలు కనిపించేది అందుకే. 2002లో అచ్చయిన ఒక పరిశోధనలో, పుట్టి ఐదు రోజులు దాటని శిశువులకు రెండు ముఖాల బొమ్మలు చూపించారు. ఒక బొమ్మలో కళ్లు శిశువు వైపే చూస్తున్నాయి. రెండోదానిలో పక్కకు చూస్తున్నాయి. శిశువులు తమవైపు చూసే ముఖాన్నే ఎక్కువసేపు చూశారు! పాటల పత్రిక అట్ట మీది గాయని మనకేసే ఎందుకు చూస్తుందో ఇప్పుడు తెలిసింది కదా. ఇక్కడి కారణం దుకాణంలో లేదు, మనలోనే ఉంది. కాబట్టి బజారులోనైనా బడి గోడ మీదనైనా ఈ అలవాటు పనిచేస్తుంది.

ముఖం పక్కకు చూస్తున్న బొమ్మ దొరికితే? అప్పుడు అది ఎటు చూస్తోందో అటు మీ మాటలు పెట్టండి. ఎవరైనా ఒకవైపు తదేకంగా చూస్తుంటే మనమూ అటు తల తిప్పి చూస్తాంగా! చదువరి కూడా అంతే.

కన్ను నడవదు, గెంతుతుంది

చదివేటప్పుడు మన చూపు వరుస వెంట నీళ్లలో పడవలా నున్నగా జారుతుందని అనుకుంటాం. అది నిజం కాదు. చూపు గెంతుతుంది. ఒకచోట ఆగుతుంది, గెంతుతుంది, మళ్లీ ఆగుతుంది. ఒక్కొక్క ఆగుడు సెకనులో సుమారు నాలుగోవంతు. ఈ గెంతుల గురించి పారిస్‌లోని కంటివైద్యుడు ఎమిల్ జావాల్ 1870ల చివరలోనే రాశాడు.

గెంతటం ఎందుకు? కంటి వెనక తెరలో చాలా చిన్న చోట మాత్రమే చూపు స్పష్టంగా ఉంటుంది. ఎంత చిన్నదంటే, చెయ్యి బారుగా చాచి బొటనవేలు నిలబెట్టండి. ఆ గోరు ఆక్రమించినంత మేరలోనే మీకు స్పష్టమైన చూపు ఉంది. ఇప్పుడే పరీక్షించి చూడండి. ఈ పేజీలో ఏదో ఒక వరుస మధ్యనున్న ఒక అక్షరం మీద చూపు నిలపండి. కళ్లు కదపకుండా అటూ ఇటూ ఎన్ని అక్షరాలు గుర్తుపట్టగలరో లెక్కపెట్టండి. అయిదారు దాటేసరికి అన్నీ అలికినట్లవుతాయి.

ఒక వరుస అయిపోగానే చూపు వెనక్కు, తర్వాతి వరుస మొదటికి పెద్ద గెంతు వెయ్యాలి. వరుస మరీ పొడుగైతే ఆ గెంతు గురి తప్పుతుంది. చదివిన వరుసనే మళ్లీ చదువుతాం, లేదా ఒకదాన్ని దాటేస్తాం. పేజీని రెండు మూడు నిలువు కాలములుగా విడగొట్టే అలవాటు ఇందుకే వచ్చింది. ఇంగ్లీషు అచ్చులో వరుసకు 45 నుంచి 75 అక్షరాలు బాగుంటాయని అచ్చుపనివాళ్లు చెబుతారు.

అలాగని కాలములను మరీ సన్నం చేస్తే తెలుగులో వేరే తంటా వస్తుంది. మన మాటలు పొడుగు. "మాట్లాడుకుంటున్నప్పటికీ" అన్నది ఒకే మాట! సన్నటి కాలములో ఇలాంటి మాట పట్టక కింది వరుసలోకి పోతుంది. కుడి అంచు కూడా గీత గీసినట్లు సమంగా ఉండాలని పట్టుబడితే, పై వరుసలో మిగిలిన రెండు మాటలను అటొకటి ఇటొకటి లాగి పెట్టాల్సి వస్తుంది. పేజీ నిండా తెల్లటి కంతలు పడతాయి. దీనికి తేలికైన మందు ఉంది. ఎడమ అంచు సమంగా ఉంచి, కుడి అంచును దాని ఇష్టానికి వదిలెయ్యటమే.

తెలుగుకే ఉన్న ఇంకో సంగతి వరుసల మధ్య ఎడం. ఇంగ్లీషు అక్షరాలు ఒక గీత మీద నిలబడతాయి. కొన్నిటికి మాత్రం తోకలు కిందికి దిగుతాయి. మనకు పైన గుడి, ఏత్వం, ఓత్వం. కింద ఒత్తులు. ఒక్కొక్కచోట ఒత్తు కింద మళ్లీ ఒత్తు. "శాస్త్రి", "లక్ష్మి", "స్త్రీ" అన్న మాటలను ఒకదాని కింద ఒకటి దగ్గరగా రాసి చూడండి. పై మాట ఒత్తు కింది మాట గుడిలో గుచ్చుకుంటుంది. ఇంగ్లీషు పత్రికను చూసి వరుసల ఎడం కొలిచి అంతే మన పేజీలో పెడితే అక్షరాలు కుమ్ములాడుకుంటాయి. ఎడం ఎక్కువ పెడితే పేజీకి వరుసలు తగ్గుతాయన్నది నిజమే. కాని నెమ్మదిగా చదివే పిల్లవాడు, కొత్తగా తెలుగు నేర్చుకుంటున్నవాడు ఆ ఎడం వల్లనే ముందుకు పోగలుగుతారు.

నాలుగు సిరాలు, లక్షల చుక్కలు

ఇప్పుడొక భూతద్దం తీసుకోండి. రంగుల పత్రికలో గాయకుడి బుగ్గ మీద పెట్టి చూడండి. బుగ్గ మాయమవుతుంది! దాని బదులు నీలి, గులాబి, పసుపు, నలుపు చుక్కలు కనిపిస్తాయి.

రంగుల అచ్చుకు నాలుగు సిరాలు చాలు. ఆకాశనీలం సిరా వెలుగులోని ఎరుపును మింగుతుంది. ముదురు గులాబి సిరా ఆకుపచ్చను మింగుతుంది. పసుపు సిరా నీలాన్ని మింగుతుంది. గులాబి, పసుపు ఒకదాని మీద ఒకటి పడితే ఆకుపచ్చ, నీలం రెండూ మాయమై ఎరుపు మిగులుతుంది. మూడూ పడితే అన్నీ మాయమై నలుపు రావాలి. కాని సిరాలు అంత శుద్ధమైనవి కావు కనక మురికి గోధుమరంగు వస్తుంది. అందుకని నాలుగోదిగా అసలు నలుపే వాడతారు.

లేత రంగు కావాలంటే సిరాలో నీళ్లు కలపరు. చుక్కను చిన్నది చేస్తారు. దూరంనుంచి చూస్తే చుక్కలు, వాటి మధ్య తెల్ల కాగితం కలిసిపోయి లేతగా కనిపిస్తాయి. ఈ చుక్కల వరుసలు ఒక్కొక్క సిరాకు ఒక్కొక్క కోణంలో వాలి ఉంటాయి. సాధారణంగా నలుపుకు 45 డిగ్రీలు, తక్కినవాటికి 15, 75, 0. ఎందుకో తెలుసా? రెండు దోమతెరలను ఒకదాని మీద ఒకటి వేసి మెల్లగా తిప్పండి. అలలు అలలుగా కొత్త చారలు పుడతాయి. కోణాలు సరిగ్గా లేకపోతే గాయకుడి ముఖం మీద కూడా అలాంటి చారలే పడతాయి!

ఒక అలవాటు ఇక్కడినుంచే పుట్టింది. పత్రికల్లో సన్నటి అక్షరాలు దాదాపు ఎప్పుడూ నల్లగానే ఉంటాయి. కాగితం నాలుగు సిరాల కింద విడివిడిగా నడవాలి. ఒకటి వెంట్రుకవాసి జరిగితే చాలు, పెద్ద బొమ్మలో అది తెలియదు కాని చిన్న అక్షరం రెండుగా కనిపిస్తుంది. ఒకే సిరాతో అచ్చయ్యే అక్షరానికి ఆ భయం లేదు. రంగుల ఫొటో మీద తెల్లటి సన్న అక్షరాలు వదిలితే మరీ ప్రమాదం. చుట్టూ ఉన్న సిరాలు జరిగి ఒత్తులను పూడ్చేస్తాయి.

మీరు చేత్తో రాస్తారు కనక సిరాలు జరిగే చిక్కు మీకు లేదు. కాని రంగుల విషయంలో ఇంకొక చిక్కు ఉంది. తెల్ల కాగితం మీద పసుపు, ఎరుపు మీద ఆకుపచ్చ: ఇలా రాసి, కళ్లు సగం మూసి చూడండి. అక్షరం కరిగిపోతే ఆ జత పనికిరాదు. రంగు వేరు కావటం చాలదు, వెలుగులో కూడా తేడా ఉండాలి. పైగా, ప్రతి పెద్ద బడిలోనూ ఎరుపు ఆకుపచ్చలను సులువుగా వేరుచెయ్యలేని పిల్లలు కొందరుంటారు. వాళ్లలో ఎక్కువమంది మగపిల్లలే. ఈ లోపానికి కారణమైన జన్యువులు ఎక్స్ క్రోమోజోము మీద ఉంటాయి. ఆడపిల్లలకు అలాంటివి రెండు ఉంటాయి కనక ఒకటి చెడినా రెండోది ఆదుకుంటుంది. మగపిల్లలకు ఉన్నది ఒక్కటే. "ఎర్ర చుక్క పెట్టినవి కొత్త పాటలు, ఆకుపచ్చ చుక్క పెట్టినవి పాత పాటలు" అని రాశారనుకోండి, ఆ పిల్లవాడికి మీ పేజీ అంతా ఒకటే. అతను చెప్పుకోడు కూడా. చాలామందికి తమకా లోపం ఉన్నట్లే తెలియదు. ఒకదానికి చుక్క, ఇంకోదానికి నక్షత్రం పెట్టండి. ఖర్చు లేని పని.

పోస్టరు నడిమి పేజీలోనే ఎందుకు?

నాలుగు కాగితాలు తీసుకుని ఒకదాని మీద ఒకటి పెట్టి మధ్యకు మడవండి. పదహారు పేజీల పుస్తకం తయారయింది. పేజీల అంకెలు వెయ్యండి. ఇప్పుడు విప్పి చూడండి. అన్నిటికన్నా పై కాగితం మీద 1, 16 పక్కపక్కన ఉన్నాయి. దాని వెనక 2, 15. తర్వాత కాగితం మీద 3, 14. కూడి చూడండి. ఎక్కడ చూసినా 17! ఇరవై పేజీల పుస్తకమైతే ఆ మొత్తం 21 అవుతుంది. పేజీల సంఖ్య నాలుగు గుణిజంగానే ఎందుకుండాలో కూడా ఇదే చెబుతుంది. ఒక్కొక్క కాగితానికి నాలుగు పేజీలు మరి.

4, 5 పేజీల మీద పరచుకునే పెద్ద బొమ్మ వేశామనుకోండి. 4వ పేజీ ఒక కాగితం మీద ఉంది, 5వది వేరే కాగితం మీద. కుట్టేటప్పుడు కొంచెం జరిగితే గాయకుడి ముక్కు సగం పైకి, సగం కిందికి! 8, 9 పేజీలకు మాత్రం ఆ బెడద లేదు. అవి రెండూ ఒకే కాగితం మీద ఒకే వైపున ఉన్నాయి. పిన్నులు విప్పితే చిరక్కుండా పోస్టరు చేతికొస్తుంది. అదీ నడిమి పేజీ గొప్ప.

ఒక తెలివైన ప్రశ్న అడగనా? పోస్టరు గోడకెక్కితే దాని వెనక ఏ పేజీలు పోతాయి? 7, 10. కాబట్టి అక్కడ కథ మధ్యభాగమో, క్విజ్ జవాబులో పెట్టకూడదు. పెడితే ఆ పిల్లకు పోస్టరు కావాలా, కథ కావాలా అన్న బాధ తప్పదు.

పాటను ఎలా అచ్చువెయ్యాలి?

వ్యాసంలో వరుస ఎక్కడ విరిగినా ఫరవాలేదు. పాటలో అలా కుదరదు. పాడేవాడు ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో అక్కడే వరుస విరగాలి. పల్లవికీ చరణానికీ మధ్య ఖాళీ ఉండాలి. ప్రతిసారీ పల్లవిని తిరిగి రాయనక్కర లేదు. మళ్లీ ఎత్తుకోవాలని గుర్తు పెడితే చాలు. పాటల పేజీలో కుడివైపు అంత తెల్లజాగా వదిలేసేది చోటు దండగ చెయ్యటానికి కాదు, పాట నడక కంటికి కనిపించటానికి.

మాటలే కాక స్వరాలు కూడా అచ్చువెయ్యాలంటే? ఆ పనిలో తెలుగు అచ్చుకు గొప్ప చరిత్ర ఉంది. 1904లో ఇప్పటి తమిళనాడులోని ఎట్టయపురంలో సుబ్బరామ దీక్షితులు 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే పెద్ద గ్రంథాన్ని తెలుగు లిపిలో వెలువరించాడు. ముత్తుస్వామి దీక్షితుల కృతులెన్నో అందులో స్వరాలతో సహా ఉన్నాయి. స్వరం మీద స్థాయిని తెలిపే చుక్కలు, కాలాన్ని తెలిపే గీతలు, గమకాలను తెలిపే ప్రత్యేకమైన గుర్తులు, వీటన్నిటినీ అచ్చులో పట్టుకొచ్చారు. ఒక్క చుక్క జారిపోతే "స" ఒక స్థాయి కిందికి పడిపోతుంది! పై స్థాయి స్వరానికి నెత్తిన చుక్క, కింది స్థాయి స్వరానికి కింద చుక్క పెట్టే పద్ధతి సంగీతం నేర్చుకుంటున్నవాళ్లకు తెలిసిందే. "రి", "ని" అక్షరాలకు గుడి పైన చుక్క పడాలి కనక వరుసల మధ్య మామూలుకన్నా ఎక్కువ జాగా కావాలి. ఈ చుక్క అలంకారం కాదు, సమాచారం.

పాట అచ్చువేసేటప్పుడు మరిచిపోకూడని మర్యాద ఒకటుంది. పాట రాసినవారి పేరు వెయ్యాలి. మన దేశంలో రచన మీద హక్కు రచయిత కాలం చేశాక మరో 60 ఏళ్లు ఉంటుంది. కొత్త సినిమా పాటను అనుమతి లేకుండా అచ్చువెయ్యటం తగదు. మరి మీ పత్రికకు పాటలెక్కడివంటారా? త్యాగరాజు 1847లో కాలం చేశాడు. ఆయన కీర్తనలకు ఆ అడ్డు లేదు. మీ అమ్మమ్మ పాడే జోలపాట, నాట్లు వేసేటప్పుడు మీ ఊళ్లో పాడే పాట ఏ పుస్తకంలోనూ ఉండకపోవచ్చు. పాడినవారిని అడిగి, వాళ్ల పేరు, ఊరు, తేదీ వేసి రాసుకోండి. ఆ పాట తెలిసిన చివరి మనిషి ఆవిడే కావచ్చు. మీరు రాసుకోకపోతే అది ఆవిడతోనే పోతుంది.

మొదటి పది పాటలు: ఎవరిని అడిగారు?

పాటల పత్రికలో అందరూ ముందు తెరిచేది "ఈ వారం మొదటి పది" అన్న పట్టిక. బ్రిటన్‌లో అమ్ముడుపోయిన రికార్డులనుబట్టి ఇలాంటి పట్టికను మొదట అచ్చువేసింది 'న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్'. అది 1952 నవంబరు 14న వచ్చింది. లెక్క ఎలా కట్టారు? సుమారు 20 దుకాణాలకు ఫోన్ చేసి, ఏవి బాగా అమ్ముడవుతున్నాయో అడిగారు. మొత్తం స్థానాలు 12. కాని సమానంగా నిలిచినవాటికి ఒకే స్థానం ఇవ్వటంతో పాటలు 15 అయ్యాయి. స్థానాలు సరిపోవటం లేదని ఏ పాటనూ తీసెయ్యలేదు. ఆ నిజాయితీ మెచ్చుకోతగ్గది.

మీరూ ఒక పట్టిక వెయ్యండి. కాని కింద చిన్న అక్షరాలతో ఎంతమందిని అడిగారో, ఏ తరగతులవాళ్లనో రాయండి. మీ స్నేహితులు ఆరుగురిని అడిగి "మన బడికి నచ్చిన పాటలు" అని పేరు పెడితే అది అబద్ధమే. ఎంత అందంగా గీత గీసి, రంగులు వేసినా నిజం కాదు. అచ్చు అందంగా ఉంటే జనం తొందరగా నమ్ముతారు కనక, అందంగా వేసేవాడికి బాధ్యత ఎక్కువ.

ఇక మీ గోడపత్రిక

ఇప్పుడు ఒక్కొక్క అలవాటునూ పరీక్షించి చూద్దాం. ఎడమవైపు మూడోవంతు? మీ పత్రికను పక్కనున్న పత్రిక కప్పెయ్యదు. ఆ నియమం మీకు అక్కర లేదు. నడిమి పోస్టరు? మడతే లేదు కనక బొమ్మ ఎక్కడైనా పెట్టవచ్చు. మనకేసి చూసే ముఖం, పొట్టి వరుసలు, ఒత్తులకు జాగా, వెలుగులో తేడా ఉన్న రంగులు? ఇవి కంటికి సంబంధించినవి. వీటిని వదలకూడదు.

పుస్తకానికి లేని చిక్కు ఒకటి గోడకు ఉంది. అది దూరం. పుస్తకాన్ని కంటికి సుమారు 35 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటాం. అందులో అక్షరం ఎత్తు, ఒత్తులు కాకుండా, 2 మిల్లీమీటర్లు అనుకుందాం. గోడపత్రిక ముందు పదిమంది గుమిగూడితే వెనక నిలబడ్డవాడు 210 సెంటీమీటర్ల దూరంలో ఉంటాడు. అంటే ఆరు రెట్లు దూరం. సరూప త్రిభుజాల లెక్క మీకు తెలిసిందే. దూరం ఆరు రెట్లయితే, కంటికి అంతే కనపడాలంటే ఎత్తు కూడా ఆరు రెట్లు కావాలి. కాబట్టి అక్షరం 12 మిల్లీమీటర్లు ఉండాలి. వరండా అవతల ఆరు మీటర్ల దూరంనుంచి కూడా పత్రిక పేరు హాయిగా చదవాలంటే 34 మిల్లీమీటర్లకు తగ్గకూడదు. కంటివైద్యుడి పటంతో సరిచూద్దామా? మంచి చూపున్న మనిషి ఆరు మీటర్లనుంచి గుర్తుపట్టగల అతి చిన్న అక్షరం సుమారు 9 మిల్లీమీటర్లు. 210 సెంటీమీటర్లకు అది 3 మిల్లీమీటర్లవుతుంది. మనం పెట్టిన 12 దానికి నాలుగు రెట్లు. కళ్లద్దాలు ఇంకా కొనుక్కోనివాడికి కూడా ఆ నాలుగు రెట్లు కొంత ఆసరా.

కాని 12 మిల్లీమీటర్ల అక్షరాలతో రాస్తే అట్టముక్క మీద ఎంత పడుతుంది? చాలా తక్కువ. మీరు రాసిన రెండు పేజీల వ్యాసం సగానికి పైగా కొట్టెయ్యాలి. అప్పుడు ఏం చేస్తారు? అక్షరాలను తగ్గించి వ్యాసాన్ని కాపాడతారా, వ్యాసాన్ని తగ్గించి చదువరిని కాపాడతారా? ప్రతి పత్రికలోనూ ప్రతి సంచికకూ ఈ తగవు వస్తూనే ఉంటుంది.

తగవు తీర్చే ఉపాయం ఒకటుంది. మొదటి ప్రతిని గోడకు అంటించి, ఎవరికీ చెప్పకుండా దూరంగా నిలబడండి. ఎవరు ఆగుతున్నారు, ఎంతసేపు ఆగుతున్నారు, ఎక్కడ మెడ ముందుకు చాస్తున్నారు, ఏ వరుస దగ్గర వదిలేసి పోతున్నారు, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. వెనక వరుసలో నిలబడ్డ ఆరో తరగతి పిల్ల చివరి వరుస దాకా చదివి, ఆ పాటను కూనిరాగం తీస్తూ పోయిందా? అయితే ఆ పేజీ బాగున్నట్లే. లేకపోతే రెండో సంచికలో ఏం మార్చాలో మీకు తెలిసిపోయింది.